ఎత్తిన చెయ్యి

మా నాన్న కొట్టే ముందు చేతి వాచీ తీసి ఫ్రిజ్ మీద పెట్టేవాడు. స్టీలు గొలుసు వాచీ. అది ఫ్రిజ్ రేకుకి తగిలి చిన్నగా చప్పుడయ్యేది. ఆ చప్పుడు వినగానే అమ్మ లేచి కిటికీలు మూసేది. ముందు వంటింటి కిటికీ, తరవాత హాల్లోవి, ఆ పైన కర్టెన్లు. నేను ఊపిరి బిగబట్టేదాన్ని. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పే పని లేదు. ఎవరేం చెయ్యాలో ముగ్గురికీ తెలుసు.

మా ఇల్లు అమెరికాలో, వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో. డెబ్భైలు ముగుస్తున్న రోజులు. ఇప్పుడు అద్దాల ఆఫీసులు నిలబడ్డ చోట అప్పుడు ఆవులు మేసేవి. నాన్న ఇంజనీరు. ముందు తను వచ్చి, ఆ తరవాత అమ్మనీ నన్నూ తెచ్చుకున్నాడు. అప్పటికి నాకు అ ఆలు వచ్చాయి, ఏబీసీడీలు రాలేదు. ఆఫీసులో మేనేజర్ ఏదైనా అన్న రోజున కొట్టేవాడు. నా రిపోర్ట్ కార్డ్‌లో ‘ఎ’ ఉండాల్సిన చోట ‘బి’ కనబడిన రోజున కొట్టేవాడు. ఏమీ జరగని రోజున కూడా కొట్టేవాడు, అదే ఎక్కువ భయంగా ఉండేది. బయట మాత్రం ఆయనంత మంచివాడు లేడని పేరు. కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళని ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకొచ్చి, మా ఇంట్లోనే పెట్టుకుని, డ్రైవింగ్ నేర్పించేవాడు. వాళ్ళున్నన్నాళ్ళూ వాచీ చేతికే ఉండేది. వాళ్ళు ఎప్పటికీ వెళ్ళకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని.

నాన్న మీద కోపం ఎంతో, అమ్మ మీద కూడా అంతే. ఆ కిటికీల వల్ల. ఒకసారి అడిగేశాను కూడా, ఎందుకు మూస్తావని.

“పక్కింటివాళ్ళు వింటే మన గురించి ఏవనుకుంటారే?” అంది. ఆ మాట అంటున్నప్పుడు అమ్మ చెంప మీద వేళ్ళ గుర్తులు ఇంకా తేలే ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. ప్లేటు ఎత్తి గోడకి కొట్టాను. అది పగిలిన చప్పుడుకి అమ్మ మళ్ళీ కిటికీ వైపే చూసింది.

ఇలాంటి ఇంట్లోంచి యూనివర్సిటీకి వెళ్ళాను. రెండు గంటల డ్రైవ్. వెళ్ళాక అక్కడ ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ఒక ఆర్ట్స్ క్రెడిట్ కావాల్సి వస్తే, చదవక్కర్లేనిది కదా అని క్వాయర్‌కి పేరిచ్చాను. వందమంది పైన కలిసి పాడతారు, మధ్యలో నేను పెదాలు కదిపినా చాలు అనుకున్నాను.

క్వాయర్ ప్రొఫెసర్ అరవై దాటిన మనిషి, పొడుగ్గా, ఎర్రటి మొహం. పియానో మీద ఒక్కొక్క మెట్టే కిందికి దిగుతూ పాడమన్నాడు. నేనూ దిగాను. ఆడపిల్లలు ఆగిపోయే చోటు దాటి ఇంకా దిగాను. నాది లావు గొంతు. పార్టీల్లో ఎవరైనా నన్ను పాడమంటే అమ్మ, “దానిది మగగొంతండీ” అని నవ్వుతూ తప్పించేసేది. ఈయన మాత్రం పియానో మూత దబ్బున వేసి లేచి నిలబడ్డాడు. ఆ చప్పుడుకి నేను గోడకి అతుక్కుపోయాను.

“నాకు టెనర్లు చాలక చచ్చిపోతున్నాను. వెళ్ళి మగపిల్లల వరసలో నిలబడు!” అన్నాడు.

క్వాయర్‌లో ఆడగొంతులు రెండు వరసలు, మగగొంతులు రెండు వరసలు. మగవాళ్ళలో పై గొంతు టెనర్. ఆ వరసలో అబ్బాయిల మధ్య నేనొక్కదాన్నే ఆడపిల్లని. ఇంట్లో చెప్పలేదు. క్వాయర్ అన్నాను, అంతే.

ఆ ప్రొఫెసర్ మామూలు కోపిష్టి కాదు. శ్రుతి కొంచెం కిందికి జారితే పెన్సిల్ విరిచేవాడు. ఇంకొంచెం జారితే ఫోల్డర్ విసిరేవాడు, కాగితాలు హాలంతా ఎగిరేవి. ఒకరోజు మ్యూజిక్ స్టాండ్‌ని కాలితో తంతే అది మెట్ల మీద నుంచి దొర్లుకుంటూ పోయింది. మిగతావాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నేను మాత్రం తలుపు ఎటుందో చూసుకునేదాన్ని. మొహం ఎర్రబడ్డాక తరవాత ఏం వస్తుందో నాకు తెలుసు కదా. ఆయన ఎవరినీ ముట్టుకోలేదు, ఎప్పుడూ. ఆ సంగతి నా బుర్రకి తెలిసినా ఒంటికి తెలియలేదు.

అసలు చిక్కు అది కూడా కాదు. పాట మొదలవడానికి ముందు ఆయన చెయ్యి పైకెత్తేవాడు. ఆ చెయ్యి లేస్తుండగా అందరూ ఊపిరి లోపలికి తీసుకోవాలి. అది కిందికి దిగగానే గొంతు విప్పాలి. క్వాయర్‌లో చేరిన రోజే నేర్పే మొదటి పాఠం, చిన్నపిల్లలకి కూడా వస్తుంది. నాకు రాలేదు. ఎవరైనా చెయ్యి ఎత్తితే నా ఊపిరి లోపలికి రాదు, ఉన్నచోటే బిగుసుకుపోతుంది. మెడ భుజాల్లోకి దిగిపోతుంది, కళ్ళు మూసుకుపోతాయి. చెయ్యి దిగి, దెబ్బ పడలేదని తెలిశాక అప్పుడు తీసుకునేదాన్ని. అప్పటికి అందరూ పాడుతూ ఉండేవాళ్ళు. ప్రతి పాటలోనూ, ప్రతిసారీ, నేనొక్కదాన్నే వెనక పడేదాన్ని.

“ఎవరది లేటు?” అని ఆయన అరిచేవాడు. నేనూ అందరితో పాటు అటూ ఇటూ చూసేదాన్ని.

నా పక్కన నిలబడే కుర్రాడికి తెలిసిపోయింది. వాడు వర్జీనియా కొండల వైపు పొలాల్లోంచి వచ్చినవాడు, దున్నపోతంత భుజాలు. ఒకరోజు రిహార్సల్ అయ్యాక మెట్ల దగ్గర, “నీ గొంతు ఇండియా నుంచి రావాలి కదా, అందుకే లేటు” అన్నాడు. చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. నేను చేతిలో ఉన్న నల్ల ఫోల్డర్‌ని రెండు చేతులతో పట్టుకుని వాడి మొహం మీద కొట్టాను. అంచు సరిగ్గా ముక్కు మీద పడింది. పటుక్కుమని శబ్దం వచ్చింది. వాడి చొక్కా అంతా రక్తం, మెట్ల మీద కూడా. ఇప్పటికీ ఆ దెబ్బ గురించి నాకు విచారం లేదు. ఇంకోటి కూడా వేసేదాన్నే. వాడు రక్తపు చేత్తో మొహం మీది జుట్టు వెనక్కి తోసుకోబోయాడు. ఆ చెయ్యి పైకి లేవగానే నేను రెండు మోచేతులూ తల మీద పెట్టుకుని గోడ మూలకి కూలబడిపోయాను.

వాడు అరచేత్తో ముక్కు మూసుకుని, “ఎవరు కొడతారు నిన్ను?” అన్నాడు.

నేను మోచేతులు దించలేదు.

“మా నాన్నది బెల్టు” అన్నాడు. “గుర్రానిది.”

ప్రొఫెసర్ ఇద్దరినీ పిలిచి తన గది అద్దాలు అదిరేలా తిట్టాడు. చివరికి, “ఏడాదంతా మీరిద్దరూ భుజానికి భుజం ఆనించి నిలబడండి. కొట్టుకోవాలనిపిస్తే ఊపిరితిత్తులతో కొట్టుకోండి” అన్నాడు. అదీ శిక్ష. ఆ తరవాత నాకొక్కదానికే ఇంకో పరీక్ష పెట్టాడు. నన్ను ఒంటరిగా నిలబెట్టి చెయ్యి ఎత్తాడు. నా కళ్ళు మూసుకుపోయాయి. తెరిచేసరికి ఆయన చెయ్యి మెల్లిగా, చాలా మెల్లిగా కిందికి దించుతున్నాడు, పిచ్చుక బెదిరి ఎగిరిపోకుండా దాని పక్కన కూర్చోబోయినవాడిలా. మొహంలో ఎరుపు లేదు.

“చూడమ్మాయ్, నేను చెయ్యి ఎత్తకుండా ఈ పని చెయ్యలేను. నువ్వు ఊపిరి తీసుకోకుండా పాడలేవు. ఇద్దరిలో ఒకరు మారాలి. నేను ముసలివాణ్ణి, మారను” అన్నాడు. “ఏడాది చివర ఒక్కొక్కరిని మళ్ళీ పరీక్ష చేస్తాను. పక్కన ఎవరూ ఉండరు. నా చేతిని చూస్తూ మొదలుపెట్టగలిగితే వచ్చే ఏడు ఉంటావు. లేకపోతే లేదు.”

జాలి చూపిస్తాడనుకున్నాను. చూపించనందుకు కొంచెం కోపం, చాలా సంతోషం. అప్పటికే నాకు ఆ వరస వదలాలని లేదు మరి. ఇంట్లో గొంతు లేస్తే ముప్పు. ఇక్కడ ఒక మనిషి ఫోల్డర్లు విసిరి మరీ, ఇంకా, ఇంకా పెద్దగా అని అడుగుతున్నాడు. ‘మగగొంతు’ని మధ్యలో నిలబెట్టి మిగతావాళ్ళని దానికి ఆనుకుని పాడమంటున్నాడు. నాది అని చెప్పుకోడానికి ప్రపంచంలో నాకు దొరికిన చోటు అది ఒక్కటే. అది పోతే నేను మళ్ళీ ఫ్రిజ్ పక్కన నిలబడే పిల్లనే.

ముక్కు విరిగిన కుర్రాడే దారి చూపించాడు. “ఆయన చేతిని చూడకు. నేల చూడు. నా పక్కటెముకలు కదిలినప్పుడు నువ్వూ తీసుకో” అన్నాడు. భుజం ఆనించి నిలబడితే వాడి ఒళ్ళు ఉబ్బడం నా చేతికి తెలిసేది. వాడితో పాటు నేనూ తీసుకున్నాను. గొంతు అందరితో కలిసి పడింది. మొదటిసారి అలా పడ్డప్పుడు నాకు ఏడుపొచ్చింది. వాడు చూడనట్టు నటించాడు. ముక్కు మాత్రం వంకరగానే అతికింది.

ఆ చలికాలంలోనే ఇంకొకటి కూడా నేర్చుకున్నాం. కొన్ని పాటల్లో ఒకే స్వరాన్ని చాలాసేపు పట్టుకోవాలి, ఏ ఒక్క మనిషి ఊపిరీ దానికి చాలదు. అందుకని ఒకరి తరవాత ఒకరు దొంగతనంగా ఊపిరి తీసుకుంటారు. పక్కవాడు ఆపినప్పుడు నువ్వు ఆపకూడదు. వాడు మళ్ళీ వచ్చి కలిసేదాకా నువ్వు మొయ్యాలి. “మీ ఊపిరి అయిపోవచ్చు, శబ్దం మాత్రం తెగకూడదు. తెగిందో, ఒక్కొక్కరినీ చంపుతాను” అని ప్రొఫెసర్ బల్ల గుద్దేవాడు.

ఏప్రిల్‌లో ఆదివారం మధ్యాహ్నం కచేరీ. అమ్మా నాన్నలని నేనే రమ్మన్నాను. ఎందుకు పిలిచావని నన్ను నేను చాలాసార్లు అడిగాను. వినాలనిపించింది వాళ్ళు, అంతే. నాన్న సూటు వేసుకుని వచ్చాడు. అమ్మ పట్టుచీర కట్టుకుంది. నేను నేల చూస్తూ, ఆ కుర్రాడి పక్కటెముకలతో పాటు ఊపిరి తీసుకుంటూ, ఒక్కసారి కూడా వెనక పడకుండా పాడాను. చివర జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అమ్మ కూడా లేచింది. నాన్న కూర్చునే ఉన్నాడు.

బయటికి రాగానే, “కార్ ఎక్కు” అన్నాడు.

రెండు గంటలూ ముందు సీట్లో అమ్మ పట్టుచీర కొంగు మెలిపెడుతూనే ఉంది. ఇంటికి చేరేసరికి ఇంకా ఎండ ఉంది. పక్కింటి ముసలాయన లాన్ మూవర్ మోతతో గడ్డి కోస్తున్నాడు. ఇల్లు ఉక్కగా ఉందని అమ్మ కిటికీల చట్రాలు సగం దాకా పైకి తోసి తెరిచింది. నేను వంటింట్లో మంచినీళ్ళు తాగుతున్నాను. నాన్న వచ్చాడు.

“ఎవడే వాడు?”

“ఎవడు?”

“వాణ్ణి పూసుకుని నిలబడ్డావే, వాడు! అంతమంది మగాళ్ళ మధ్య. అందరి ముందూ, స్టేజ్ మీద. సిగ్గు లేదూ?”

“నేను టెనర్ నాన్నా. అది నా ప్లేస్.”

“రేపట్నుంచి ఆ కాలేజ్ లేదు నీకు. ఇక్కడే ఏదో ఒక దాంట్లో జాయిన్ చేస్తాను. డార్మ్ ఖాళీ చేసి నీ సామాన్లు నేనే తెస్తాను.”

“నేను మానను.”

వాచీ తీశాడు. ఫ్రిజ్ మీద పెట్టాడు.

అమ్మ వంటింటి కిటికీ దగ్గరికి నడిచింది. మొదటి దెబ్బ నా చెవి మీద పడింది. కళ్ళ ముందు తెల్లగా అయిపోయింది, తల వెళ్ళి అలమర మూలకి కొట్టుకుంది. చేతిలో గ్లాసు కింద పడి పగిలింది. చెవిలో హోరు. లేచి నిలబడేసరికి చెయ్యి మళ్ళీ పైకి లేస్తోంది. పక్కన ఎవరి పక్కటెముకలూ లేవు. నేల చూద్దామంటే గాజుపెంకులు. నేను చేతినే చూశాను. అది లేస్తున్నంతసేపూ చూశాను. వేళ్ళు, మణికట్టు మీద వాచీ తీసేసిన చోట తెల్లటి గీత. చూస్తుండగానే నా పొట్ట తెరుచుకుంది. ఊపిరి లోపలికి వచ్చింది, నిండా, నడుం దాకా. చెయ్యి దిగింది. నేను గొంతు విప్పాను.

మాట కాదు. ఉత్త ‘ఆ’. గొంతు చించుకున్న కేక కూడా కాదు. ఏడాదిగా ఆ ముసలాయన తిట్టి తిట్టి పెంచిన గొంతు, పొట్ట లోపలి నుంచి, తిన్నగా. దెబ్బ నోటి మీద పడింది. పెదవి చీలింది, రక్తం ఉప్పగా నోట్లోకి వచ్చింది. అయినా ఆగలేదు. సింకులో గిన్నెలు మోగాయి. “నోర్ముయ్! నోర్ముయ్!” అని నాన్న జుట్టు పట్టుకుని తల ఫ్రిజ్‌కేసి కొట్టాడు. ఆగలేదు. బయట లాన్ మూవర్ ఆగింది.

ఊపిరి అయిపోతోందని తెలుస్తోంది. కళ్ళు తిరుగుతున్నాయి. అమ్మ కిటికీ చట్రం మీద రెండు చేతులూ పెట్టి నిలబడి ఉంది. ఇంక మూసేస్తుంది, అంతా అయిపోయింది అనుకున్నాను. అమ్మ చట్రాన్ని పైకి తోసింది. సగమే తెరిచి ఉన్నదాన్ని పూర్తిగా, పైదాకా తోసింది. నా గొంతు తెగిపోయే ముందు, ఆ కిటికీలోంచి బయటికి చూస్తూ, అమ్మ అరిచింది. ఎంత పెద్ద గొంతు! లావుగా, బొంగురుగా, అచ్చం నాదే. అప్పటిదాకా నాకు తెలియదు, ఆ ‘మగగొంతు’ ఎక్కడి నుంచి వచ్చిందో. అమ్మ మోస్తుంటే నేను ఊపిరి తీసుకున్నాను. నేను అందుకున్నాక అమ్మ తీసుకుంది.

నాన్న చెయ్యి నా జుట్టులోంచి ఊడిపోయింది. కిటికీ అవతల పక్కింటాయన వచ్చి నిలబడ్డాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. “ఎవ్రీథింగ్ ఓకే?” అన్నాడు. అన్నేళ్ళలో అమ్మ ఆయనతో “హలో” తప్ప మాట్లాడి ఎరగదు. ఇంగ్లీషంటే సిగ్గు.

“నో” అంది అమ్మ. “నాట్ ఓకే.”

నాన్న ఫ్రిజ్ మీది వాచీ తీసుకుని పెట్టుకోబోయాడు. రెండుసార్లు ప్రయత్నించినా గొలుసు పడలేదు. దాన్ని జేబులో వేసుకుని బేస్‌మెంట్‌లోకి దిగిపోయాడు.

మర్నాడు అమ్మ చీటీ మీద రాసుకున్న ఇంగ్లీషు ముక్కలు డ్రైవర్‌కి చెప్పి, నన్ను యూనివర్సిటీకి పోయే బస్సెక్కించింది. నా పెదవికి కుట్లు పడ్డాయి, ఒక చెవి సరిగ్గా వినబడదు, ఇప్పటికీ. ఏడాది చివర పరీక్షలో ప్రొఫెసర్ నా పెదవి చూశాడు. చెయ్యి ఎత్తాడు. నేను ఆ చేతినే చూస్తూ ఊపిరి తీసుకుని, ఆయనతో పాటు మొదలుపెట్టాను. “టైముకి వచ్చావు” అని పేరు రాసుకున్నాడు. క్వాయర్‌లో చేరితే పిల్లలకి కాన్ఫిడెన్స్ వస్తుందా ఆంటీ అని ఇప్పుడు మావాళ్ళలో తల్లులు నన్ను అడుగుతుంటారు. ఊపిరి తీసుకోవడం వస్తుంది అంటాను. అంతేనా అని మొహం పెడతారు.

నాన్న మళ్ళీ నా మీద చెయ్యి ఎత్తలేదు. అమ్మ మీద మాత్రం ఒకసారి ప్రయత్నం చేశాడు. నేను డార్మ్‌లో ఉండగా జనవరిలో అమ్మే ఫోన్ చేసి చెప్పింది.

“పొద్దున్న వాచీ తీశాడే.”

“నువ్వేం చేశావమ్మా?”

“కిటికీలు తెరిచాను.”

“అమ్మా, అక్కడ మంచు పడుతోంది కదా!”

“పడుతోంది. అన్నీ తెరిచేశాను. ఇల్లంతా మంచే. కార్పెట్ తడిసిపోయింది. కాసేపు చూసి, ఆయనే వాచీ పెట్టుకుని, కోటు వేసుకుని కూచున్నాడు.”

“మూసేశావా మరి?”

“ఇప్పుడే ఏం తొందర” అంది అమ్మ. పళ్ళు టకటకా కొట్టుకుంటున్న చప్పుడు ఫోన్‌లో నాకు వినిపిస్తూనే ఉంది.